గొంతు తనదే, పాట హక్కూ తనదే: సోల్ సంగీతానికి దారి వేసిన సామ్ కుక్

1964 ఫిబ్రవరి 25 రాత్రి. అమెరికాలోని మయామీ బీచ్‌లో హెవీవెయిట్ బాక్సింగ్ పోటీ అప్పుడే ముగిసింది. గెలుస్తాడని పెద్దగా ఎవరూ అనుకోని 22 ఏళ్ల కుర్రాడు కేసియస్ క్లే, ప్రపంచ ఛాంపియన్ సోనీ లిస్టన్‌ను ఓడించేశాడు. రింగ్ నిండా జనం, కెమెరాలు, మైకులు. ఆ గోలలోనే క్లే ఒక మనిషిని పేరు పెట్టి పిలిచాడు. అతన్ని నా దగ్గరికి రానివ్వండని పట్టుబట్టాడు. ప్రపంచంలోనే గొప్ప గాయకుడు ఇతనేనని మైకులో చెప్పాడు. కొద్ది రోజులకే ఆ కుర్రాడు ముహమ్మద్ అలీ అయ్యాడు. అతను రింగ్‌లోకి పిలిచిన ఆ స్నేహితుడి పేరు సామ్ కుక్.

అలీ గురించి మన దగ్గర చిన్న పిల్లలకు కూడా తెలుసు. సామ్ కుక్ పేరు మాత్రం చాలామంది విని ఉండరు. కానీ చర్చి పాటలోని ఆర్తిని, ఆవేశాన్ని ప్రేమ పాటలోకి తెచ్చి సోల్ అనే సంగీతానికి రూపం ఇచ్చిన తొలి తరం గాయకుల్లో అతను ముందు వరసలో ఉంటాడు. ఆ తర్వాత వచ్చిన ఆరెథా ఫ్రాంక్లిన్, ఓటిస్ రెడ్డింగ్ అతన్ని చూసి నేర్చుకున్నవాళ్లే. ఇంకా తర్వాత వచ్చిన హిప్ హాప్ కుర్రాళ్లు పాత సోల్ రికార్డుల్లోంచి ముక్కలు తీసుకునే తమ పాటలు కట్టుకున్నారు.

సామ్ బతికింది 33 ఏళ్లే. ఆ కొద్ది కాలంలోనే రెండు విషయాల మీద గట్టిగా నిలబడ్డాడు. పాట ఎవరిదో దాని మీద హక్కు కూడా వాళ్లదే కావాలన్నది ఒకటి. పాట వినడానికి వచ్చినవాళ్లను రంగు చూసి విడదీస్తే పాడేది లేదన్నది రెండోది.

పాస్టర్ గారి అబ్బాయి

సామ్ 1931 జనవరి 22న మిసిసిపీ రాష్ట్రంలోని క్లార్క్స్‌డేల్‌లో పుట్టాడు. పత్తి చేల మధ్య ఊరది. బ్లూస్ సంగీతానికి పుట్టిల్లు లాంటి ప్రాంతం. తండ్రి చార్లెస్ కుక్ చర్చి పాస్టర్, తల్లి అనీ మే. ఎనిమిది మంది పిల్లల్లో సామ్ ఐదోవాడు.

ఆ రోజుల్లో దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి వాళ్లకు స్కూలు వేరు, బస్సులో సీటు వేరు, మంచినీళ్ల కుళాయి కూడా వేరు. ఎదురు తిరిగితే ప్రాణాలకే గ్యారంటీ లేదు. అందుకే లక్షల కుటుంబాలు ఊళ్లు వదిలి ఉత్తరాది నగరాలకు వలస పోయాయి. కుక్ కుటుంబం కూడా 1933లో షికాగో చేరింది. అప్పటికి సామ్‌కు రెండేళ్లు.

షికాగోలో తండ్రి తన పిల్లలతోనే సింగింగ్ చిల్డ్రన్ అని ఒక పాటల బృందం కట్టాడు. తమ్ముడు ఎల్.సి. తర్వాతి రోజుల్లో ఒక ముచ్చట చెప్పేవాడు. చిన్నప్పుడు సామ్ ఐస్ పుల్లలు ఏరి తెచ్చి, మట్టిలో వరసగా గుచ్చి, వీళ్లే నా శ్రోతలు అని వాటి ముందు నిలబడి పాడేవాడట. పెద్దయ్యాక పాటలు పాడే బతుకుతానని అప్పుడే తేల్చి చెప్పేశాడట.

పదిహేనేళ్లు దాటేసరికి హైవే క్యూసీస్ అనే కుర్రాళ్ల బృందంలో పాడుతున్నాడు. 1950 చివర్లో, 19 ఏళ్ల వయసులో, సోల్ స్టిరర్స్ నుంచి పిలుపు వచ్చింది. గాస్పెల్ అంటే చర్చి భక్తి గీతాలు పాడే బృందాల్లో దేశంలోనే పేరున్న బృందమది. అందులో ప్రధాన గాయకుడు ఆర్.హెచ్. హారిస్ తప్పుకుంటే ఆ స్థానంలోకి ఈ కుర్రాణ్ణి తీసుకున్నారు. అంత పెద్దాయన జాగాలో నిలబడటం మాటలు కాదు. మొదట్లో సామ్ ఆయన లాగే గట్టిగా పాడబోయి ఇబ్బంది పడ్డాడు. తర్వాత తనకు నప్పే దారి వెతుక్కున్నాడు. అరవకుండా, స్వరాన్ని మెత్తగా తిప్పి, ఒక్క అక్షరాన్ని నాలుగైదు మెట్ల మీద నడిపించి దించేవాడు. 1951లో వచ్చిన తొలి రికార్డులతోనే అతని పేరు చర్చి చర్చికీ పాకింది. అప్పటిదాకా పెద్దవాళ్లే ఎక్కువగా వచ్చే గాస్పెల్ సభల్లో ముందు వరసలన్నీ కాలేజీ వయసు పిల్లలతో నిండిపోవడం మొదలైంది.

భక్తి పాట నుంచి ప్రేమ పాటకు

గాస్పెల్‌లో పేరు ఉంది, డబ్బు లేదు. రేడియోలో మోగేవి, లక్షల్లో అమ్ముడయ్యేవి ప్రేమ పాటలు. అటు వెళ్లాలని సామ్‌కు ఆశ. కానీ ఆ రోజుల్లో దేవుడి పాట పాడిన గొంతుతో ప్రేమ పాట పాడటం అంటే భక్తులకు పెద్ద తప్పు. దర్గాలో ఖవ్వాలీ పాడేవాడో, గుళ్లో భజన పాడేవాడో ఉన్నట్టుండి క్లబ్బు పాటలకు పోతే మన దగ్గర ఏమంటారో ఊహించుకోండి. అక్కడా అంతే.

అందుకే 1957 మొదట్లో వచ్చిన తొలి ప్రేమ పాట మీద డేల్ కుక్ అని మారుపేరు వేయించాడు. పేరైతే మార్చగలడు గానీ గొంతు ఎలా దాస్తాడు? రెండు ముక్కలు వినగానే ఇది మన సామ్ గొంతే అని గాస్పెల్ జనం పట్టేశారు. తండ్రి మాత్రం కొడుకు వెనకే నిలబడ్డాడు. దేవుడు గొంతు ఇచ్చింది మనుషుల్ని సంతోషపెట్టడానికే, అది నీ జీవనోపాధి కూడా, వెళ్లమని ధైర్యం చెప్పాడని కుటుంబం వాళ్లు చెప్తారు.

ఆ ఏడాదే నిర్మాత బంప్స్ బ్లాక్‌వెల్‌తో కలిసి కొత్త పాటలు రికార్డు చేస్తుంటే స్పెషాల్టీ రికార్డ్స్ యజమాని ఆర్ట్ రూప్‌కు నచ్చలేదు. స్టూడియోలోనే గొడవైంది. తమకు రావాల్సిన రాయల్టీ డబ్బులు వదులుకుని, బదులుగా ఆ టేపులు పట్టుకుని ఇద్దరూ బయటికొచ్చేశారు. ఆ టేపుల్లో ఒక పాట పేరు యూ సెండ్ మీ. కీన్ అనే కొత్త కంపెనీ 1957 సెప్టెంబర్‌లో దాన్ని విడుదల చేసింది. నల్లవాళ్లు, తెల్లవాళ్లు అనే తేడా లేకుండా అందరూ కొన్నారు. దేశం మొత్తం మీద మొదటి స్థానానికి వెళ్లింది, పది లక్షలకు పైగా అమ్ముడైంది. ఇంటి పేరు చివర ఇంగ్లిష్‌లో ఒక అక్షరం అదనంగా చేర్చుకుని సామ్ కొత్త జీవితం మొదలుపెట్టాడు.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించాలి. ఆ రికార్డు మీద రచయితగా సామ్ పేరు లేదు, తమ్ముడు ఎల్.సి. పేరు ఉంది. తన పేరు వేస్తే పాత కంపెనీ యజమాని ఆ పాట హక్కులు తనవే అంటాడు. అందుకే ఆ జాగ్రత్త. సామ్‌లో వ్యాపారి అప్పటికే మేల్కొన్నాడు.

రాసినవాడికే రాబడి

ఆ లెక్క ఏంటో కాస్త చూద్దాం. అమెరికాలో రేడియోలో ఒక పాట మోగినప్పుడు డబ్బు వెళ్లేది పాట రాసినవాళ్లకు, దాని హక్కులున్న పబ్లిషర్‌కు. పాడినవాడికి ఆ డబ్బులో వాటా లేదు. వేరే ఎవరైనా అదే పాటను మళ్లీ పాడి అమ్మినా రాబడి రచయితకు, పబ్లిషర్‌కే. కానీ ఎందరో నల్లజాతి కళాకారులు అప్పటి అవసరానికి వంద, రెండు వందల డాలర్లకో, ఒక కారుకో పాట మీద హక్కులన్నీ రాసిచ్చేసేవాళ్లు. పాట ఊరంతా మోగుతుంటే పాడినవాడు అద్దె ఇంట్లో ఉండేవాడు.

సామ్ ఆ దారిలో నడవదలుచుకోలేదు. గాస్పెల్ రోజుల నాటి స్నేహితుడు జె.డబ్ల్యు. అలెగ్జాండర్‌తో కలిసి కాగ్స్ మ్యూజిక్ అనే పబ్లిషింగ్ కంపెనీ నడిపాడు. తన పాటలన్నీ అందులోనే. ఆ తర్వాత సోల్ స్టిరర్స్ పెద్ద ఎస్.ఆర్. క్రెయిన్‌ను కూడా కలుపుకుని ఎస్.ఎ.ఆర్. రికార్డ్స్ పెట్టాడు. ఒక నల్లజాతి గాయకుడు సొంతంగా రికార్డు కంపెనీ నడపడం ఆ రోజుల్లో అరుదు. తను వదిలి వచ్చిన సోల్ స్టిరర్స్ బృందానికి ఆ కంపెనీలో చోటిచ్చాడు. బాబీ వోమాక్, అతని అన్నదమ్ముల్ని పైకి తెచ్చాడు.

వోమాక్ సోదరులు 1964లో ఇట్స్ ఆల్ ఓవర్ నౌ అనే పాట చేశారు. అది ఇంకా జనంలోకి పూర్తిగా వెళ్లకముందే ఇంగ్లండ్ నుంచి వచ్చిన రోలింగ్ స్టోన్స్ అదే పాట పాడారు. ఇంగ్లండ్‌లో వాళ్లకు మొదటి స్థానం తెచ్చిన తొలి పాట అదే. తమ పాట తెల్ల కుర్రాళ్లు ఎత్తుకుపోయారని బాబీ మండిపడ్డాడు. ఆగు, ఇది నీకు మంచే చేస్తుందని సామ్ నచ్చజెప్పాడు. రాయల్టీ చెక్కు చేతికి వచ్చాక బాబీ కోపం చల్లారింది. ఈ సంగతి బాబీయే తర్వాత నవ్వుతూ చెప్పుకునేవాడు.

1960లో సామ్ ఆర్‌సీఏ అనే పెద్ద కంపెనీలో చేరాడు. దక్షిణాదిలో కారులో వెళ్తుంటే కాళ్లకు గొలుసులతో రోడ్డు పని చేస్తున్న ఖైదీలు కనిపించారట. ఆ దృశ్యంలోంచి చెయిన్ గ్యాంగ్ పాట పుట్టింది, దేశంలో రెండో స్థానానికి వెళ్లింది. వినడానికి హుషారుగా ఉంటుంది. లోపల మాత్రం సమ్మెట దెబ్బ, చెమట వినిపిస్తాయి.

విడదీసిన హాల్లో పాడను

పేరు పెరిగినా దక్షిణాదిలో పరిస్థితి మారలేదు. కచేరీ హాల్లో తెల్లవాళ్లు ఒక పక్క, నల్లవాళ్లు ఒక పక్క. కొన్ని చోట్ల మధ్యలో తాడు కట్టేవాళ్లు. 1961లో మెంఫిస్ నగరంలో ఇలాగే నల్లవాళ్లకు వేరే సీట్లు కేటాయించారని తెలిసింది. సామ్, అతనితో పాటు వచ్చిన గాయకుడు క్లైడ్ మెక్‌ఫాటర్ స్టేజీ ఎక్కడానికి ఒప్పుకోలేదు. టికెట్లు అమ్ముడయ్యాయి, జనం వచ్చేశారు, నిర్వాహకులు ఒత్తిడి చేశారు. అయినా పాడలేదు. పోలీసులు, కోర్టులు, మేయరు అంతా అవతలి పక్షాన ఉన్న ఊళ్లో ఆ మాట అనడానికి గుండె ధైర్యం కావాలి.

అయితే ఆ రోజుల దాకా అతని పాటల్లో ఈ కోపం నేరుగా కనపడదు. తెల్ల శ్రోతలు దూరమవుతారేమో అనే లెక్క ఉంది. ఆస్తి, కంపెనీ, పేరు ఉంటే గౌరవం దానంతటదే వస్తుందన్న నమ్మకం కూడా కొంత ఉంది. 1963 ఆ నమ్మకాన్ని కూల్చేసింది.

ష్రీవ్‌పోర్ట్‌లో ఆ రాత్రి

ఆ ఏడాది జూన్‌లో సామ్, బార్బరా దంపతుల చిన్న కొడుకు విన్సెంట్, ఏడాదిన్నర పసివాడు, లాస్ ఏంజిలిస్‌లోని సొంత ఇంట్లో స్విమ్మింగ్ పూల్‌లో పడి చనిపోయాడు. ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి సామ్ ఊరూరా కచేరీల్లో మునిగిపోయాడు. భార్యాభర్తల మధ్య దూరం ఇంకా పెరిగింది. నిజానికి సామ్ మంచి భర్త అని ఎవరూ చెప్పరు. ఇతర స్త్రీలతో సంబంధాలు, వాళ్లతో కన్న పిల్లలు, ఇంట్లో లేకుండా గడిపిన రోజులు అతని జీవితంలో దాచలేని భాగం.

1963 అక్టోబర్ 8న లూసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్ట్ చేరారు. హాలిడే ఇన్‌లో ముందే ఫోన్ చేసి గదులు మాట్లాడుకున్నారు. కౌంటర్ దగ్గరికి వెళ్లాక, మనిషిని చూశాక, గదులు ఖాళీ లేవన్నాడు గుమాస్తా. సామ్ కదల్లేదు. మేనేజర్ని పిలవమన్నాడు, గొంతు పెంచాడు. చంపేస్తారు, పద వెళ్దాం అని భార్య బతిమాలింది. నేను సామ్ కుక్‌ని, నన్నెవరు చంపుతారు అన్నాడట. వాళ్ల దృష్టిలో నువ్వు ఒక నల్లవాడివి, అంతే అని ఆమె చెప్పిందట. చివరికి అందరూ కలిసి అతన్ని కారెక్కించారు. కోపంతో హారన్లు మోగిస్తూ నల్లవాళ్ల మోటెల్‌కు వెళ్లేసరికి అక్కడ పోలీసులు కాచుకుని ఉన్నారు. ప్రశాంతతకు భంగం కలిగించారని సామ్‌ను, భార్యను, అన్న చార్లెస్‌ను, క్రెయిన్‌ను అరెస్టు చేశారు. తర్వాత పూచీకత్తు మీద వదిలిపెట్టారు.

జేబులో డబ్బుంది, దేశమంతా పేరుంది, సొంత కంపెనీ ఉంది. రాత్రి పడుకోవడానికి గది మాత్రం లేదు. ఒక్కడు ఎంత ఎత్తుకు ఎదిగినా తన వాళ్లందరికీ హక్కు దొరకనంత కాలం ఆ ఒక్కడి ఇజ్జత్ కూడా గుమాస్తా దయ మీదే ఆధారపడి ఉంటుందని ఆ కౌంటర్ దగ్గర తేలిపోయింది.

ఆ పాట ఎలా వచ్చింది

అంతకుముందే బాబ్ డిలన్ రాసిన బ్లోయింగ్ ఇన్ ద విండ్ పాట సామ్‌ను కదిలించింది. మా బాధ మీద ఒక తెల్ల కుర్రాడు ఇంత బాగా రాశాడు, నేనెందుకు రాయలేదని సిగ్గుపడ్డానని స్నేహితులతో అన్నాడు. ష్రీవ్‌పోర్ట్ తర్వాత కొన్ని వారాలకే ఆ సిగ్గు, ఆ కోపం, కొడుకు పోయిన దుఃఖం అన్నీ కలిసి ఒక పాటగా వచ్చాయి. దాని పేరు ఎ ఛేంజ్ ఈజ్ గాన కమ్. మార్పు వచ్చి తీరుతుందని ఆ మాటకు అర్థం. పెద్ద కష్టపడకుండానే, కలలో వచ్చినట్టు వచ్చేసిందని, అదే తనకు భయం వేసిందని సామ్ చెప్పాడు. మొదట విన్న బాబీ వోమాక్‌కు ఆ పాటలో చావు నీడ కనిపించింది.

1964 జనవరి 30న హాలీవుడ్‌లోని ఆర్‌సీఏ స్టూడియోలో రికార్డు చేశారు. రెనే హాల్ దానికి సినిమా సంగీతం స్థాయిలో వయొలిన్లు, ఫ్రెంచ్ హార్న్, పెద్ద నగారాల్లాంటి టింపనీ డ్రమ్ములు సమకూర్చాడు. పాట నది ఒడ్డున పుట్టిన ఒక మనిషి కథతో మొదలై, సినిమా హాల్లోంచి తరిమేయడం, చేయి చాచితే తోసేయడం దాకా నడుస్తుంది. ప్రతిసారీ చివరికి ఆశ దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఫిబ్రవరి 7న ద టునైట్ షోలో పాడాడు. ఆ టేపును టీవీ సంస్థ దాచిపెట్టలేదు. రెండు రోజుల తర్వాత బీటిల్స్ మరో షోలో కనిపించి దేశాన్ని ఊపేశారు. సామ్ పాట గురించి ఎవరూ మాట్లాడుకోలేదు.

ఆ తర్వాత మూడు వారాలు తిరక్కుండానే అలీ గెలిచిన రాత్రి వచ్చింది. సంబరం పెద్ద హోటల్లో జరగలేదు. మయామీలో నల్లవాళ్ల పేట బ్రౌన్స్‌విల్‌లో, అక్కడి చిన్న మోటెల్ హాంప్టన్ హౌస్ గదిలో అలీ, మాల్కం ఎక్స్, ఫుట్‌బాల్ వీరుడు జిమ్ బ్రౌన్, సామ్ కుక్ కలిసి కూర్చున్నారు. 2020లో వచ్చిన వన్ నైట్ ఇన్ మయామీ సినిమా ఆ రాత్రిని ఊహించి తీసిందే. సామ్ మతం మారలేదు. కానీ తమ కాళ్ల మీద తాము నిలబడాలన్న మాల్కం ఆలోచన అతను అప్పటికే వ్యాపారంలో చేస్తున్న పనికి దగ్గరగా ఉంది. అదే ఏడాది స్టూడియోలో అలీ చేత ఒక పాట కూడా పాడించాడు.

33 ఏళ్లకే

1964 డిసెంబర్ 11 తెల్లవారుజామున లాస్ ఏంజిలిస్‌లోని హసియెండా అనే చవక మోటెల్‌లో సామ్ తుపాకి గుండుకు బలయ్యాడు. అంతకుముందు ఒక యువతితో కలిసి అక్కడికి వెళ్లాడు. ఆమె అతని బట్టలు పట్టుకుని పారిపోయింది. ఒంటి మీద కోటు తప్ప సరిగ్గా బట్టలు లేకుండా, ఆమె అక్కడే ఉందనుకుని ఆఫీసు గది తలుపు బద్దలుకొట్టాడని, ఆత్మరక్షణకు కాల్చానని మోటెల్ మేనేజర్ చెప్పింది. కొద్ది రోజుల్లోనే విచారణ జరిపి, ఇది చట్టం ఒప్పుకునే హత్యేనని తేల్చి ఫైలు మూసేశారు. కుటుంబం, స్నేహితులు ఆ మాట నమ్మలేదు. చనిపోయింది తెల్ల గాయకుడైతే ఇంత తేలిగ్గా వదిలేసేవాళ్లా అని అలీ బహిరంగంగా అడిగాడు.

షికాగోలో, లాస్ ఏంజిలిస్‌లో రెండు చోట్ల అంత్యక్రియల ప్రార్థనలు జరిగాయి. చలిలో వేల మంది బారులు తీరారు. లాస్ ఏంజిలిస్ చర్చిలో రే ఛార్ల్స్ పాడాడు.

సామ్ పోయిన పదకొండు రోజులకు, డిసెంబర్ 22న, ఎ ఛేంజ్ ఈజ్ గాన కమ్ సింగిల్ రికార్డుగా విడుదలైంది. అది కూడా షేక్ అనే డాన్స్ పాట వెనక వైపున. సినిమా హాల్లోంచి తరిమేసిన సంగతి చెప్పే చరణాన్ని రేడియో కోసం కత్తిరించేశారు. అంటే ఏ అవమానం గురించి ఆ పాట పుట్టిందో ఆ ముక్కే జనానికి వినపడకుండా చేశారు. అయినా పాట ఆగలేదు. పౌరహక్కుల ఉద్యమంలో ఉన్నవాళ్లు దాన్ని తమ పాట చేసుకున్నారు. 1965లో ఓటిస్ రెడ్డింగ్, 1967లో ఆరెథా ఫ్రాంక్లిన్ మళ్లీ పాడారు. 1965 ఫిబ్రవరిలో హత్యకు గురైన మాల్కం ఎక్స్ జీవితం మీద 1992లో స్పైక్ లీ తీసిన సినిమాలో, మాల్కం చివరి ప్రయాణం మీద వినిపించేది సామ్ గొంతే.

ఏం మిగిలింది?

హక్కుల కోసం అంత పోరాడిన మనిషి పాటల హక్కులు చివరికి ఇంట్లో మిగల్లేదు. చివరి రోజుల్లో వ్యవహారాలు చూసిన మేనేజర్ అలెన్ క్లైన్ కంపెనీ ఆబ్కో చేతికి వెళ్లాయి. కాగితాలు ఎవరి పేరు మీద ఉన్నాయో చూసుకోకపోతే ఎంత తెలివైనవాడైనా నష్టపోతాడని సామ్ జీవితం చెప్పే కఠినమైన పాఠమిది.

మరో పక్క, ష్రీవ్‌పోర్ట్ అరెస్టు జరిగిన తొమ్మిది నెలలకు, 1964 జులై 2న, పౌరహక్కుల చట్టం వచ్చింది. రంగు చూసి హోటల్ గది నిరాకరించడం దేశమంతటా చట్టవిరుద్ధమైంది. అది చూసే దాకా సామ్ బతికే ఉన్నాడు. 2007లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ పాటను జాతి భద్రపరచుకోవాల్సిన రికార్డుల్లో చేర్చింది. 2008 నవంబర్‌లో సామ్ పెరిగిన షికాగోలోనే, గెలిచిన రాత్రి ఒబామా ప్రసంగంలో ఆ పాట ఛాయ వినిపించింది. 2019లో ష్రీవ్‌పోర్ట్ మేయర్ సామ్ కుటుంబానికి క్షమాపణ చెప్పి, గౌరవంగా నగరం తాళంచెవి అందించాడు. ఆ మేయర్ కూడా నల్లజాతివాడే.

గది ఇవ్వని ఊరు 56 ఏళ్ల తర్వాత తాళంచెవి ఇచ్చింది. పుచ్చుకోవడానికి సామ్ లేడు. కత్తిరించిన చరణంతో సహా ఆ పాట ఇప్పుడు ఫోన్‌లో ఎవరైనా వినొచ్చు. నిడివి మూడు నిమిషాల పైచిలుకు. ఒకసారి చివరిదాకా వినండి.